మహమ్మారి నాళ్లలో మందిరం: మూసిన తలుపులు, తెగని చుట్టరికం

2020 మార్చిలో మన పత్రికలకూ, టీవీలకూ, ప్రభుత్వ ప్రకటనలకూ ఒక కొత్త మాట అవసరమైంది. ఆంగ్లంలో అప్పటికే వాడుకలో ఉన్న మాటను ఉన్నపళంగా దించుకొని 'సామాజిక దూరం' అన్నాము. మనిషికీ మనిషికీ నడుమ ఆరడుగుల ఎడం ఉండాలని చెప్పడానికి ఆ మాట ఏ విధంగానూ తగినది కాదు. సామాజిక దూరం మన దేశానికి కొత్తదా? ఊరికీ వాడకూ మధ్య, మైదానానికీ మన్యానికీ మధ్య తరతరాలుగా ఉన్నది అదే కదా! పోగొట్టుకోవలసిన దూరాన్ని పాటించవలసిన దూరంగా చెప్పుకున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం త్వరగానే మేలుకొని, 2020 మార్చి 20 నాటికే 'భౌతిక దూరం' అనే మాటకు మారింది. దేహాలు ఎడంగా ఉండాలి గాని మనుషుల మధ్య పలకరింపు తెగరాదని వివరించింది. తెలుగునాట పాత మాట కూడ వాడుకలో నిలిచింది.

మాటల మీద ఇంత పట్టింపు ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. ఈ రెండు దూరాలకూ ఉన్న తేడా ఆరోగ్యం విషయంలో ప్రాణాల మీదికి వచ్చే తేడా. దానిని నేర్పగలిగినవి పెద్ద ఆసుపత్రులు కావు. వారానికొకసారి తప్పక కలుసుకొనే అలవాటున్న చిన్న చిన్న సమూహాలు. ఖమ్మం నుండి భద్రాచలం అడవి అంచు వరకు విస్తరించిన క్రైస్తవ సంఘాలు అటువంటి సమూహాలు. అందుచేత వాటిని ఆధారం చేసుకొని, అంటురోగ కాలంలో ఒక సంఘం ఎలా కలిసి ఉండాలి, కృతజ్ఞత అంటే ఏమిటి అనే రెండు విషయాలు ముచ్చటిస్తాను. వేదాంత చర్చలో నాకు ప్రవేశం లేదు. వైద్యుడిగా నా దృష్టికి ఆనినంత మేరకే రాస్తున్నాను.

ముందుగా ఈ ప్రాంతం సంగతి. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా సాగి గోదావరి వంతెన దాటితే భద్రాచలం. అక్కడినుండి నది వెంట ఎగువకు పోతే దుమ్ముగూడెం, చర్ల. ఆ పైన ఛత్తీస్‌గఢ్ అడవులు. కుడిచేతి వైపు వెళ్తే చింతూరు, అది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్. మూడు రాష్ట్రాల సరిహద్దులు ఇక్కడ ఒకదానినొకటి ఒరుసుకొని ఉంటాయి. భద్రాద్రి రాముడి పేరుమీద ప్రసిద్ధమైన ఈ నేలలో క్రైస్తవ సంఘాల చరిత్ర కూడ చిన్నదేమీ కాదు. పందొమ్మిదవ శతాబ్దం నడుమ గోదావరి మీద పడవల రాకపోకల కోసం దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట పనులు చేయించిన ఇంజనీరు హేగ్ దొర చొరవతో అక్కడ కోయల నడుమ మిషన్ మొదలైంది. పడవల పథకాన్ని 1871లో ప్రభుత్వం మానుకొన్నది గాని మిషన్ నిలిచింది. జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడే ఏళ్ల తరబడి ఉండి భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల ఆచారాల గురించి వివరంగా రాశాడు.

ఇటు రైలు దారిలో, కొత్తగూడేనికి శాఖ చీలే డోర్నకల్ జంక్షన్ ఉన్నది. తిరునల్వేలి నుండి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో అక్కడ అడుగుపెట్టి, 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంప్రదాయంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న కన్నుమూసే వరకు డోర్నకలే ఆయన నివాసం. ఆయన సంఘాలలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. నేటికీ ఈ చుట్టుపక్కల సంఘాలలో కూలీలు, సన్నకారు రైతులు, సింగరేణి కార్మికులు, కోయలు ఎక్కువ. పట్టణాలలో గోపురాలున్న చర్చిలు ఉన్నాయి, గూడేలలో రేకుల షెడ్లూ తాటాకు పందిళ్లూ ఉన్నాయి.

ఈ ప్రాంతానికి మహమ్మారి కొత్త కాదు. 1911 జనాభా లెక్కలలో నిజాం రాజ్య జనాభా దాదాపు 1.33 కోట్లు. 1921 నాటికి అది 1.24 కోట్లకు పడిపోయింది. పదేళ్లలో పెరగవలసిన జనం సుమారు తొమ్మిది లక్షలు తగ్గారంటే, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా, దానికి తోడైన ప్లేగు, కరవు ఎంత పని చేశాయో ఊహించుకోవచ్చు. అజరయ్య డోర్నకల్ బిషప్‌గా ఉన్న తొలి దశాబ్దం అదే. అంటే ఈ సంఘాలలో చాలావాటికి పునాదులు పడినది మరణాల మధ్యనే.

ఇక 2020 వసంతానికి వద్దాము. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్. ఏప్రిల్ 2న శ్రీరామనవమి. లక్షలాది మంది చూచే సీతారామ కల్యాణం భద్రాచలంలో భక్తులు లేకుండానే జరిగింది. ఏప్రిల్ 5 మట్టల ఆదివారం, 10 గుడ్ ఫ్రైడే, 12 ఈస్టర్. ఆ మందిరాలూ మూతబడే ఉన్నాయి. నెలాఖరుకు రంజాన్ మాసం వచ్చింది, మసీదులలో సామూహిక నమాజు లేదు. మూడు మతాలవారూ ఒకే నెలలో ఒకే త్యాగం చేశారు. అదే రోజులలో వ్యాధికి ఒక మతం పేరు అంటగట్టి వీధులలో మనుషులను అనుమానంగా చూడడం కూడ జరిగింది. ముక్కులోకి పోయే వైరస్‌కు ఆ ముక్కు ఏ మతస్థుడిదో తెలియదు.

మందిరం మూయడం విశ్వాసంలో లోటని బాధపడినవారు కొందరున్నారు. వారి కోసం ఒక్క ఉదాహరణ. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ లోయలో 2020 మార్చి 10న ఒక గాయక బృందం సాధన కోసం సమావేశమైంది. హాజరైనవారు 61 మంది. ఒక్కరికి జలుబు లక్షణాలున్నాయి. రెండున్నర గంటల పాట తరువాత, నిర్ధారణ అయినవీ కావచ్చునని తేల్చినవీ కలిపి 53 మందికి జబ్బు వచ్చింది, ఇద్దరు మరణించారు. దక్షిణ కొరియాలో దేగూ నగరంలో ఫిబ్రవరిలో వ్యాధి ఒక్కసారిగా ఎగసినది కూడ ఒక మత సంఘం కూడికల నుండే. పాడేటప్పుడు ఊపిరితిత్తుల లోతునుండి గాలి బలంగా వస్తుంది. మాట కంటె పాటలో సూక్ష్మమైన తుంపరలు ఎక్కువ వెలువడతాయి. కిటికీలు మూసి, ఫ్యాన్లు వేసి, భుజం భుజం కలిపి గంటన్నర పాడే గది వైరస్‌కు ఎంతో అనుకూలం. కలిసి పాడడం క్రైస్తవ ఆరాధనకు ప్రాణం వంటిది. ఆ ప్రాణాన్ని కొన్నాళ్లు ఆపి ప్రాణాలు నిలిపినవారు చేసినది సరియైన పని.

అయితే ఒక విషయం పట్టణవాసులకు తట్టలేదు. గాలి ఆడని గదికీ, చింతచెట్టు కింది నేలకూ చాల భేదం ఉన్నది. గాలిలో నిలిచి ఉండే తుంపరల పాత్రను ప్రపంచ ఆరోగ్య సంస్థ పూర్తిగా ఒప్పుకోవడానికే 2021 వసంతం దాకా పట్టింది. అంతవరకు మనం చేతులు కడిగాము, బెంచీలు తుడిచాము, గుమ్మం ముందు నేలమీద కూడ ద్రావకం చల్లాము. కిటికీల ఊసెత్తలేదు. నాలుగు వైపులా తెరపి ఉన్న తాటాకు పందిరి, ఎడంగా పరచిన చాపలు, తక్కువ మంది, తక్కువ సమయం, మాస్కు, పాటకు బదులు చదువుడు: 2020 జూన్ 8 తరువాత ప్రార్థనాలయాలు తెరవడానికి అనుమతి వచ్చినప్పుడు పేద గూడెపు సంఘానికి ఈ సదుపాయాలన్నీ అప్పటికే ఉన్నాయి. గాజు తలుపులు బిగించి ఏసీ పెట్టుకొన్న పట్టణపు మందిరానికే అవి లేవు.

తలుపులు మూసినప్పుడు నిజంగా పోయినదేమిటి? ఆదివారం నాడు కాపరి కళ్లు వరుసలవెంట పోతాయి. ఎవరు రాలేదో ఆయనకు తెలుస్తుంది. రెండు వారాలు రాకపోతే స్త్రీల సమాజం వారు ఇంటికి వెళ్తారు. ఆ వెళ్లినప్పుడు తెలుస్తుంది: ముసలమ్మ కాలి పుండు మానలేదని, ఫలానా ఇంట్లో మందులు అయిపోయాయని, ఒకరి దగ్గు నెల దాటిందని. ఏ ఆరోగ్య శాఖ సర్వేకూ తీసిపోని నిఘా అది. ఖర్చు లేదు, కాగితాలు లేవు. మందిరం మూతబడినప్పుడు ఈ హాజరు పట్టిక కూడ మూతబడింది. నా దృష్టిలో ఆరోగ్యపరంగా జరిగిన పెద్ద నష్టం అదే.

ఒంటరితనం మనసుకు మాత్రమే సంబంధించినదని అనుకోవద్దు. 2015లో జూలియన్ హోల్ట్ లన్‌స్టాడ్ బృందం 70 అధ్యయనాలను, సుమారు 34 లక్షల మంది వివరాలను కలిపి చూచింది. నలుగురితో సంబంధాలు తెగినవారిలో మరణావకాశం 29 శాతం, ఒంటరితనం అనుభవించేవారిలో 26 శాతం ఎక్కువగా కనబడింది. 2016లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో 74 వేలకు పైగా అమెరికన్ నర్సులను 16 ఏళ్లపాటు గమనించారు. వారానికి ఒకసారికి మించి ప్రార్థనలకు హాజరయ్యేవారిలో మరణాలు, ఎన్నడూ వెళ్లనివారితో పోల్చితే 33 శాతం తక్కువ. దీనిని చూపి గుడికి పోతే ఆయుష్షు పెరుగుతుందని ఎవరూ ప్రచారం చేయరాదు. ఇవి పరిశీలనా అధ్యయనాలు. ఆరోగ్యం బాగున్నవారే ప్రార్థనకు నడచి వెళ్లగలరు అనే చిక్కు ఎప్పుడూ ఉంటుంది. కాని మనిషికి మనిషి తోడు రక్తపోటు మాత్ర వంటిదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

తోడు ఎలా నిలుపుకోవాలి? ఖమ్మం పట్టణంలో ఫోను తెరమీద ఆరాధన చూడడం సాధ్యమే. అడవి అంచు గూడెంలో సిగ్నల్ కోసం గుట్టో చెట్టో ఎక్కాలి. ఒక ఇంటికి ఒక ఫోను, అదీ మామూలు ఫోను, అదీ కూలికి పోయినవాడి జేబులో. ప్రత్యక్ష ప్రసారం చేసి, చూచినవారి సంఖ్య లెక్కించుకొని సంఘం కలిసే ఉన్నదని తృప్తిపడడం నాకు రుచించదు. ప్రసారంలో కాపరి అందరికీ కనబడతాడు. కాపరికి మాత్రం ఎవరూ కనబడరు. ఇందాక చెప్పిన హాజరు పట్టిక పని అక్కడ జరగదు. దానికంటె పది ఇళ్లకు ఒకరిని పెట్టి, ఆ ఒకరు రెండురోజులకొకసారి వాకిట్లో నిలబడి, లోపలికి వెళ్లకుండా, "అమ్మా, జ్వరమేమైనా ఉన్నదా? ఆయాసం వస్తున్నదా? బియ్యం ఉన్నాయా?" అని అడిగి రావడం ఎంతో మేలు. ఈ మూడు ప్రశ్నలలో వైద్యమూ ఉన్నది, సంఘమూ ఉన్నది. ప్రార్థన కూడ వాకిట నిలబడి చేయవచ్చు.

బియ్యం ప్రశ్నకు ఈ ప్రాంతపు సంఘాల వద్ద ఒక పాత జవాబు ఉన్నది. అజరయ్య కాలంలో డోర్నకల్ సంఘాలలో పిడికెడు బియ్యం అలవాటు స్థిరపడింది. వంటకు ఎసరు పెట్టే ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ మందిరానికి చేరుతుంది. డబ్బు చేతిలో ఆడని కూలివారు కూడ ఇవ్వగలిగిన కానుక అది. విదేశీ సొమ్ము మీద ఆధారపడే సంఘం ఎదగదని అజరయ్య గట్టిగా నమ్మాడు. క్రైస్తవుల దాతృత్వం మీద పుస్తకమే రాశాడు. వైద్యుడిగా నాకు ఈ పిడికెడులో కనిపించేది వేరొకటి. రోజుకు రెండు పిడికిళ్లు, ముప్పై ఇళ్లు, నెల రోజులు అనుకొంటే, పిడికెడు సుమారు 40 గ్రాములైనా 70 కిలోలకు పైగా బియ్యం. రెండు మూడు కుటుంబాల గ్రాసం అది. ఇచ్చినవారెవరో పుచ్చుకొన్నవారికి తెలియదు. కుండ ఒక్కటే కనుక తల వంచుకోవలసిన పనీ లేదు. క్షయ రోగికి మాత్రలతో పాటు అన్నం కూడ అందినప్పుడే జబ్బు నయమవుతుందని తెలిసినవారికి ఈ కుండ విలువ చెప్పనక్కరలేదు.

2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆహార భద్రత కార్డు ఉన్నవారికి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చింది. అది పెద్ద ఆదరువు. అయితే కార్డు లేనివారి మాట ఏమిటి? ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకొన్న గుత్తికోయలున్నారు. మిరప కోతలకు వచ్చి చిక్కుకొన్న కూలీలున్నారు. ఆ నెలలోనే, ములుగు వైపు మిరప చేలనుండి బీజాపూర్‌కు అడవి దారిన కాలినడకన బయలుదేరిన కూలీలలో ఒక బాలిక ఇల్లు చేరకముందే ప్రాణాలు విడిచింది. సోకినది వైరస్ కాదు. ఎండ, అలసట, నీటి కొరత. అప్పటి ములుగు శాసనసభ్యురాలు సీతక్క సరుకుల మూటలు భుజాన వేసుకొని గూడేలకు నడిచిన చిత్రాలు ఆ రోజులలో అందరూ చూచారు. సంఘపు బియ్యం కుండ సంఘ సభ్యులకే పరిమితమైతే అది పొదుపు సంఘం మాత్రమే అవుతుంది. పేర్ల పట్టికలో లేనివారికి కూడ ఆ కుండ చేరిందా లేదా అన్నది నేను ఏ సంఘాన్నైనా అడగదలచిన మొదటి ప్రశ్న.

2021 ఏప్రిల్, మే నెలల రెండవ అల వేరు. మొదటి సంవత్సరం ఆకలి భయపెట్టింది, రెండవ సంవత్సరం ఊపిరి. అడవి ప్రాంతంలో జ్వరమంటే ముందుగా గుర్తుకు వచ్చేది మలేరియా. రెండు మూడు రోజులు చూద్దామనుకోవడం అలవాటు. కొవిడ్‌లో ఆ చూద్దామన్న రోజులే విలువైనవి. కొందరికి ఆయాసం తెలియకుండానే రక్తంలో ప్రాణవాయువు పడిపోయేది. మాట్లాడుతూ, నవ్వుతూ ఉన్న మనిషికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే 85 చూపేది. 94 కంటె తగ్గితే ఆసుపత్రికి తరలించాలి. ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూచినప్పుడు మూడు నాలుగు అంకెలు పడిపోయినా జాగ్రత్త పడాలి. వేలికి గోరింటాకు, గోళ్లకు రంగు ఉంటే లెక్క తప్పవచ్చు. వేరే వేలు చూడాలి. ఇంతమాత్రం నేర్చుకోవడానికి డిగ్రీలు అక్కరలేదు. పది ఇళ్లకు ఒకరు చొప్పున తిరిగే ఆ మనిషి చేతిలో ఈ చిన్న యంత్రం ఉంటే, ఆశా కార్యకర్త రాకముందే సగం పని అవుతుంది. మే నెలలో ప్రభుత్వం ఇంటింటి జ్వర సర్వే చేయించి మందుల కిట్లు పంచింది. కొత్తవారు తలుపు తడితే జ్వరం దాచిపెట్టినవారు కూడ, తెలిసిన మనిషి అడిగితే చెబుతారు.

ఇల్లంతా ఒకే గది అయినవారికి విడిగా ఉండమని చెప్పడం సులభం, ఉండడం కష్టం. ఆ మే నెలలో నల్గొండ జిల్లాలో ఒక గిరిజన విద్యార్థి చెట్టుమీద మంచం కట్టుకొని 11 రోజులు గడిపిన సంగతి పత్రికలలో వచ్చింది. ఊరి నడుమ ఖాళీగా తాళం వేసి ఉన్న మందిరం, బడి, సామాజిక భవనం ఉండగా మనిషి చెట్టెక్కవలసి రావడం మనందరికీ తలవంపు. ఆరాధనకు మూసిన మందిరాన్ని రోగుల విడిదిగా తెరవడంలో అపవిత్రత ఏమీ ఉండదని నేననుకొంటాను.

ప్రార్థన చేస్తే తగ్గుతుంది, ఆసుపత్రికి పోనక్కరలేదు అనే మాటల పట్ల మాత్రం నాకు ఓర్పు లేదు. టీకా వేయించుకొంటే విశ్వాసం లేనట్లేనని చెప్పినవారి పట్ల కూడ అంతే. జర్మనీలో 1527లో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ రాసిన బహిరంగ లేఖ ఒకటి ఉన్నది. మందు వాడండి, ఇంటిని ధూపంతో శుద్ధి చేయండి, అవసరం లేని చోటికి పోకండి, పొరుగువాడికి అవసరమైతే మాత్రం వెనుకాడకండి అని అందులోని సారాంశం. ఐదువందల ఏళ్ల కిందటి మత గురువుకు తెలిసినది మన కాలపు ప్రసంగీకులకు తెలియకపోవడం వింత.

మరణం వచ్చిన ఇంటి సంగతి ఇంకొకటి. ఆ రోజులలో శవాన్ని చూచి ఊరు భయపడింది. అయినవారు కూడ దూరంగా నిలబడ్డారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలోనే ఇచ్చిన మార్గదర్శకాలలో ఆప్తులు ముఖం చూడవచ్చనీ, ఖననం చేయవచ్చనీ, దేహాన్ని తాకకుండా మత గ్రంథం చదవడం వంటి కర్మలు జరుపుకోవచ్చనీ స్పష్టంగా ఉన్నది. కౌగిలించుకోవడం, ముద్దు పెట్టుకోవడం, స్నానం చేయించడం మాత్రం వద్దన్నారు. ఈ సంగతి ఎంతమందికి చేరింది? సమాధుల తోటలో ఎడంగా నిలబడి పది నిమిషాలు వాక్యం చదివి పంపడానికి అవకాశం ఉండి కూడ, భయంతో ఆ పది నిమిషాలు కూడ దక్కనివారు ఎందరో. వీడ్కోలు చెప్పలేకపోయిన దుఃఖం త్వరగా మానదు. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, పనిమీద ధ్యాస లేకపోవడం నెలల తరబడి ఉంటే అది చికిత్స చేయవలసిన బాధ. అటువంటి ఇళ్లకు సంవత్సరీకం నాడైనా సంఘం వెళ్లి, అప్పుడు జరగని ప్రార్థన జరిపితే, అదొక మందు.

ఇప్పుడు కృతజ్ఞత. మహమ్మారి సద్దుమణిగాక ఎక్కడ చూచినా కృతజ్ఞతా కూడికలు జరిగాయి. జరగవలసిందే. బతికి బయటపడినవారు దేవునికి వందనాలు చెప్పుకోవడం సహజం. కాని సాక్ష్యం చెప్పేటప్పుడు ఒక వాక్యం దొర్లుతూ ఉంటుంది: "మేము ప్రార్థనలో ఉన్నాము గనుక మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు." ఆ వాక్యం వినే వరుసలలో భర్తను పోగొట్టుకొన్న స్త్రీ కూర్చుని ఉంటుంది. ఆమె ప్రార్థన చేయలేదా? చెప్పేవారికి ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు, వినేవారికి గుచ్చుకొంటుంది. వచ్చే ఆదివారం ఆమె రాదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు.

కృతజ్ఞత అనే మాటలోనే అర్థం ఉన్నది: చేసిన మేలును ఎరిగి ఉండడం. తప్పించుకొన్నందుకు సంతోషించడం వేరు, మేలు చేసినవారిని ఎరగడం వేరు. జర్మనీలో ఐలెన్‌బర్గ్ అనే పట్టణం ఉన్నది. ముప్పై ఏళ్ల యుద్ధకాలంలో, 1637లో అక్కడ ప్లేగు విజృంభించింది. మార్టిన్ రింకర్ట్ అనే పాదిరి ఆ ఒక్క ఏడాదిలో నాలుగు వేల మందికి పైగా అంత్యక్రియలు జరిపాడు. వారిలో ఆయన భార్య ఒకరు. ప్రపంచమంతటా నేటికీ పాడుకొనే ప్రసిద్ధ కృతజ్ఞతా కీర్తన ఆయన రచనే. సమాధులు తవ్వినవాడి నోట వచ్చిన వందనం గనుకనే, దుఃఖంలో ఉన్నవారు కూడ దానిని పాడగలుగుతున్నారు.

కృతజ్ఞత ఆరోగ్యానికి మేలు చేస్తుందన్న పరిశోధనలూ ఉన్నాయి. 2003లో ఎమన్స్, మెక్‌కలా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, మేళ్లను క్రమంగా రాసుకొనేవారు చికాకులు రాసుకొనేవారికంటె ఉల్లాసంగా ఉన్నారని చూపారు. ఫలితాలు ఆశాజనకమే గాని అద్భుతాలు కావు. ఏడుస్తున్నవారికి "ఉన్నవాటికి సంతోషించు" అని మందుచీటీ రాసినట్లు చెప్పడానికి ఆ పరిశోధనను వాడుకోరాదు.

ఈ నేలకు ఇంతకంటె మంచి నమూనా ఉన్నది. కోయలు కొత్త పంట ఇంటికి వచ్చినా పండుగ చేయనిదే నోట పెట్టరు. కొత్తల పండుగ నాడు నేలకూ, పెద్దలకూ ముందుగా అర్పించి, తరువాత ఊరంతా కలిసి తింటారు. మన సంఘాలలోని కోత పండుగ కూడ ఆ కుదురుకు చెందినదే. ధాన్యపు బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు మందిరానికి వస్తాయి, వేలం వేస్తారు, సొమ్ము సంఘానికి. రెండు చోట్లా కృతజ్ఞత అంటే మనసులోని భావన మాత్రమే కాదు. చేతిలోనుండి ఏదో ఒకటి బయటికి పోవాలి.

మరి మహమ్మారి కాలపు మేలుకు ఎవరికి ఏమి అప్పుపడ్డాము? వాగులు దాటి జ్వర సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్తకు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలను సత్కరించింది. వారికి మాత్రం నేటికీ ఉద్యోగులతో సమానమైన జీతం లేదు, పారితోషికమే. శవాలను మోసిన పారిశుద్ధ్య కార్మికులకు. 108 వాహనం నడిపినవారికి. వీరిని ఒక ఆదివారం పిలిచి శాలువ కప్పడం మంచిదే, కాని ఆశా కార్యకర్త జీతం కోసం ధర్నాలో కూర్చున్నప్పుడు పక్కన నిలబడడం మరింత మంచిది. సంఘంలో ఆమె సాటి విశ్వాసి అయినా కాకపోయినా సరే.

సంఘ పెద్దలు ఈ పాటికి చేయవలసిన పని ఒకటున్నది. 2020కి ముందు క్రమంగా వచ్చి, తరువాత రావడం మానినవారి పేర్లు రాయండి. కొందరు మరణించి ఉంటారు, కొందరు వలస పోయి ఉంటారు. మిగిలినవారిలో మోకాళ్లు పట్టుకుపోయినవారు, చెవులు వినబడనివారు, చూపు తగ్గినవారు, దిగులుతో మంచం పట్టినవారు ఉంటారు. ప్రతి పేరు పక్కన ఫోను నంబరు, దగ్గరి బంధువు పేరు రాసుకోండి. వారు ఇష్టపడి చెబితేనే రక్తపోటు, మధుమేహం, క్షయ వంటి జబ్బుల వివరం, వాడే మందులు కూడ రాయండి. ఆ పుస్తకం నలుగురి కంట పడకుండ ఒక్కరి దగ్గరే ఉంచండి. క్షయ, మానసిక వ్యాధుల సంగతి బయటపడితే ఆ ఇంటికి పెళ్లి సంబంధాలు కూడ రాని ఊళ్లు మనవి.

కోత పండుగ వేలం సొమ్ములో కొంత తీసి ఒక రక్తపోటు యంత్రం, రెండు పల్స్ ఆక్సీమీటర్లు, ఒక థర్మామీటరు కొనండి. వాడడం నేర్పమని మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఏఎన్ఎంను అడగండి. ఒక పూటలో నేర్పుతుంది. అడవి ప్రాంతపు వానాకాలం తేమకు ఈ యంత్రాలలో బ్యాటరీలు కారి పాడవుతాయి. వాడని నెలలలో బ్యాటరీలు తీసి, యంత్రాన్ని మూత బిగువైన డబ్బాలో ఉంచండి.